మెనోపాజ్: దానంతటదే తగ్గేదేది, తగ్గనిదేది

మెనోపాజ్ గురించి మన దగ్గర రెండు సలహాలు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. పెద్దవాళ్లు చెప్పేది ఒకటి: "ఇదేం రోగం కాదమ్మా, అందరికీ వచ్చేదే, ఓర్చుకోవాలి." కాస్త చదువుకున్నవాళ్లు చెప్పేది ఇంకొకటి: "పాజిటివ్‌గా ఉండు, యోగా చెయ్యి, అవిసె గింజలు తిను." రెండిట్లోనూ నిజం ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఒంట్లో జరిగే పది రకాల మార్పులకూ ఇదే మందు రాసేస్తాం. వాటిలో కొన్ని ఓర్చుకుంటే నిజంగానే తగ్గిపోతాయి. కొన్ని ఎంత ఓర్చుకున్నా తగ్గకపోగా ఏటికేడాది పెరుగుతాయి. ఇంకొన్నిటికి అసలు మెనోపాజ్‌తో సంబంధమే ఉండదు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోకుండా "సహజంగా దాటేద్దాం" అనుకోవడం మన ఇళ్లలో చాలామందికి నష్టం చేస్తోంది.

ముందు లెక్కలు. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. పాశ్చాత్య దేశాల్లో సగటున 51 ఏళ్లకు వచ్చేది మన దేశంలో 46, 47కే వస్తుంది. 40 లోపే వస్తే అది మామూలు విషయం కాదు, డాక్టర్‌ని కలవాల్సిందే. అసలు గందరగోళమంతా నెలసరి ఆగకముందు నాలుగైదేళ్ల నుంచే మొదలవుతుంది. ఆ రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ నెమ్మదిగా తగ్గుతూ పోదు. ఒక నెల అమాంతం పడిపోతుంది, ఇంకో నెల మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం, రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశానో మర్చిపోవడం ఇవన్నీ ఆ ఊగిసలాట పుణ్యమే. 45 దాటి లక్షణాలు కనిపిస్తున్నవాళ్లకు హార్మోన్ పరీక్షలు అక్కర్లేదనేది కూడా ఇందుకే. ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా వస్తుంది. ల్యాబులు అమ్మే ఆడవాళ్ల స్పెషల్ ప్యాకేజీలకు డబ్బు పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అన్నట్టు, నెలసరి సక్రమంగా రావడం లేదంటే గర్భం రాదని కాదు. 50 లోపువాళ్లు చివరి నెలసరి తర్వాత రెండేళ్లు, ఆ పైబడినవాళ్లు ఏడాది జాగ్రత్తగా ఉండాలి.

హైదరాబాద్‌లో ఒక మధ్యతరగతి ఇంట్లో 46, 47 ఏళ్లంటే ఏమిటో కూడా చూడండి. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం, మేలో ఎప్‌సెట్. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్. తాను ఉద్యోగం చేస్తుంటే ప్రమోషన్ వస్తుందా రాదా అనే టెన్షన్. వీటన్నిటి మీద నలభై డిగ్రీల ఎండ. ఏది హార్మోన్ వల్ల, ఏది బతుకు వల్ల అని గీత గీయడం డాక్టర్‌కే కష్టం.

ఇక వేడి ఆవిర్ల సంగతి. మొన్న వేసవిలో కాచిగూడ వైపు ఒక పెళ్లిలో చూశాను. సరిగ్గా తలంబ్రాల వేళకు పెళ్లికూతురి మేనత్తకు మెడ దగ్గర్నుంచి మొహం దాకా ఎర్రబడిపోయింది. కుంకుమ చెమటకు జారి ముక్కు మీదికొచ్చింది. కంచిపట్టు కొంగుతోనే తుడుచుకుంటూ లేచి వెళ్లి కూలర్ ముందు నిలబడింది. "ఏమైంది వదినె, బీపీ తక్కువైందా?" అని ఒకరు, షుగరేమో అని ఒకరు, ఎవరైనా మజ్జిగ తెండమ్మా అని ఇంకొకరు. మూడు నిమిషాల్లో చెమట ఆరిపోయి ఆమెకు చలి పుట్టింది. "ఏం లేదు, ఎండలకు" అని నవ్వేసి వచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది ఆ వయసు దాటినవాళ్లే. అది ఎండ కాదని వాళ్లకు తెలియక కాదు.

ఆ మూడు నిమిషాల్లో జరిగింది ఇదీ. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని చూసుకుంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అక్కడి కొన్ని నాడీకణాలు అదుపు తప్పుతాయి. మామూలుగా ఒంటి వేడి కాస్త అటూఇటూ అయినా పట్టించుకోని మెదడు, ఇప్పుడు రవ్వంత పెరిగితే చాలు కొంప మునిగినట్టు రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. థర్మోస్టాట్ చెడిన గీజర్ లాంటిదనుకోండి, నీళ్లలో ఏ లోపమూ ఉండదు. ఈ నాడీకణాల గుట్టు తెలిశాకే, హార్మోన్ జోలికి పోకుండా నేరుగా వాటిమీదే పనిచేసే ఫెజోలినెటాంట్ అనే మందు తయారైంది. దానికి 2023 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఆవిర్లు దానంతటవే తగ్గే కోవలోకి వస్తాయి. కాకపోతే "ఏడాదిలో పోతాయిలే" అనేది ఉత్త మాట. అమెరికాలో వేలమంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనం 2015లో చెప్పిన లెక్క ప్రకారం, ఆవిర్లు తరచూ వచ్చేవాళ్లలో సగం మందికి అవి 7.4 ఏళ్లకు పైగానే ఉన్నాయి. ఏడేళ్లు నిద్రలేకుండా ఓర్చుకోమనడం మామూలు సలహా కాదు.

మరి సహజమైన మార్గాలు? ఇక్కడ కొంచెం నిష్ఠూరం ఆడక తప్పదు. అవిసె గింజలనే తీసుకోండి. అమెరికాలో ఒక పరీక్షలో కొంతమందికి అవిసె గింజలు కలిపిన బార్, మిగతావాళ్లకు అవి లేని బార్ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ మూడో వంతు మందికి పైగా ఆవిర్ల బాధ సగానికి తగ్గింది! అంటే తగ్గింది నిజమే, తగ్గించింది అవిసె గింజ కాదు. ఆవిర్ల విషయంలో ఉత్త పిండి మాత్ర మింగినా చాలామందికి గుణం కనిపిస్తుంది. పక్కింటి పిన్నిగారికి మెంతుల కషాయం అద్భుతంగా పనిచేసిందంటే ఆవిడ అబద్ధం చెబుతున్నట్టు కాదు. అదే కషాయం మీకు పనిచేయకపోతే మీలో లోపం ఉన్నట్టూ కాదు.

అమెరికాలోని మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్ లేని చికిత్సలన్నిటినీ కలిపి తూచింది. ఆవిర్లు తగ్గించడానికి అని చెప్పి యోగాను, వ్యాయామాన్ని, సోయాను, మూలికల మాత్రలను సిఫారసు చేయలేదు. సిఫారసు చేసినవాటిలో బరువు తగ్గడం ఉంది, ఆలోచనల తీరును మార్చే సీబీటీ అనే మానసిక చికిత్స ఉంది, కొన్ని మందులున్నాయి. దీన్ని చూసి యోగా మానేయకండి. నిద్రకు, కీళ్ల పట్టేసినతనానికి, బీపీకి, మనసు కుదుటపడటానికి యోగా, నడక చేసే మేలు వేరు. కేబీఆర్ పార్కులో పొద్దున్నే మూడు రౌండ్లు కొట్టినా ఆవిర్లు తగ్గలేదని ఎవరైనా నిరాశపడితే మాత్రం, ఆ నడక దేనికి పనికొస్తుందో వాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేదని అర్థం.

మూలికలు సహజం కాబట్టి హాని ఉండదన్న నమ్మకం కూడా సరికాదు. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. అరుదుగానే అయినా కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. అసలే మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఎందరో. వాట్సాప్‌లో వచ్చిన చూర్ణం దాని పక్కన చేర్చేముందు ఒక్కసారి డాక్టర్‌తో అనండి. వండుకుని తినే మెంతులు, సోంపు, నువ్వులతో ఏ బెడదా లేదు. నూలు చీర, పక్కలో చన్నీళ్ల సీసా, రాత్రి పడుకోబోయే ముందు స్నానం, వీటికి రుజువులు అడగాల్సిన పనిలేదు, హాయిగా ఉంటే చాలు.

ఇప్పుడు పాజిటివ్‌గా ఉండటం గురించి. లండన్‌లో చేసిన సీబీటీ పరీక్షల ఫలితాలు 2012లో వచ్చాయి. అందులో తేలినదేమిటంటే, పగటిపూట ఆవిర్లు వచ్చే సంఖ్య పెద్దగా తగ్గలేదు కానీ వాటివల్ల పడే ఇబ్బంది బాగా తగ్గింది. నాకు చాలా నచ్చిన ఫలితమిది, ఎందుకంటే మనసు ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చెబుతుంది. ఆవిరి వచ్చిన క్షణంలో "అయ్యో, అందరూ నన్నే చూస్తున్నారు, పరువు పోయింది" అనుకుంటే గుండె దడ, చెమట ఇంకా పెరుగుతాయి. "వచ్చింది, రెండు మూడు నిమిషాల్లో పోతుంది" అనుకుని భుజాలు వదులు చేసి నెమ్మదిగా ఊపిరి వదిలితే, వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఇది ఎవరికి వారు సాధన చేసుకోవచ్చు. పైసా ఖర్చులేదు.

ఐతే ఆ ధోరణి ఒక్క మనిషి లోపల నుంచే పుట్టుకురావాలా? మార్చా ఫ్లింట్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త మన దేశంలోనే రాజస్థాన్, హిమాచల్ ప్రాంతాల్లో 483 మంది రాజపుత్ర స్త్రీలతో మాట్లాడి 1975లో రాసింది. నెలసరి ఆగడం వల్ల బాధలున్నాయని చెప్పినవాళ్లు వాళ్లలో చాలా తక్కువ. ఆమె చెప్పిన కారణం: నెలసరి ఆగాక వాళ్లకు ఘోషా పోయింది, మగవాళ్లు కూర్చునే చోట కూర్చుని మాట్లాడే హక్కు వచ్చింది. అడిగే పద్ధతిని బట్టి జవాబులు మారతాయని తర్వాతివాళ్లు ఆ పరిశోధనను ప్రశ్నించారు, అది సబబే. నేను దాన్నుంచి తీసుకునేది మాత్రం వేరు. ఆ స్త్రీలను ఎవరూ పాజిటివ్‌గా ఉండమనలేదు. ఇంట్లో వాళ్ల స్థానం పెరిగింది, మనసు దాని వెనకే వచ్చింది. మన ఇళ్లలోనూ మైల, అంటు పట్టింపు ఉన్న తరంలో ముట్లుడిగిన పెద్దావిడకు దేవుడి గదిలో, పెళ్లి పనుల్లో ఒక స్వేచ్ఛ వచ్చేది. ఫ్లాట్‌లో ముగ్గురు మనుషుల కాపురంలో అలాంటి బహుమానం ఏదీ లేదు, వంటా ఆఫీసూ మాత్రం అలాగే ఉన్నాయి.

కాబట్టి భార్యకు మోటివేషన్ వీడియోలు ఫార్వర్డ్ చేసే మగవాళ్లకు నా మనవి, ముందు పొద్దుటి టిఫిన్ బాధ్యత తీసుకోండి. రాత్రి మూడుసార్లు లేచిన మనిషికి ఆరింటికి పోపు వేయాల్సిన పని లేకపోతే వచ్చే పాజిటివిటీ వేరే ఎక్కడా దొరకదు. పిల్లలకు కూడా చెప్పాలి. "అమ్మకు ఊరికే కోపం వస్తోంది" అని వాళ్లు అనుకుంటూ ఉండటం కన్నా, ఎందుకొస్తోందో తెలుసుకుంటే సగం గొడవలు ఉండవు. అలాగే, రెండు వారాలకు మించి ఏ పనిమీదా మనసు లేకపోవడం, బతకాలని లేదనిపించడం వస్తే దాన్ని ధోరణి ఖాతాలో వేయకూడదు. ఈ దశలో డిప్రెషన్ ముప్పు నిజంగానే పెరుగుతుంది, చికిత్సతో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

తగ్గనివాటిలో మొదటిది ఎముకలు. నెలసరి ఆగిన మొదటి ఐదారేళ్లలో ఎముక అరిగే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి పడి మణికట్టు విరిగేదాకా తెలియదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మెనోపాజ్ దాటినవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు కలిపి అరలీటరు తీసుకుంటే అందులో సగం వస్తుంది. వంద గ్రాముల రాగి పిండిలో 350 దాకా ఉంటుంది, మునగాకు, తోటకూరలో 300 పైనే. కాకపోతే ఆకుకూరల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు. నువ్వుల పొడి అన్నంలో కలుపుకోండి. మాత్ర వేసుకునేవాళ్లు ఒక్కసారికి 500 మించకుండా చూసుకోవాలి, థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. ఇంత ఎండ కాసే ఊళ్లో విటమిన్ డి లోపం ఇంతమందికి ఉండటం వింతగా అనిపిస్తుంది కానీ, ఫ్లాట్ నుంచి క్యాబ్‌కు, క్యాబ్ నుంచి ఏసీకి పోయే ఒంటికి ఎండ తగిలేదెప్పుడు? వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మందును మాత్రం మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మీ అంతట మీరే సాగదీయకండి, ఎక్కువైతే ఒంటికి విషమే.

నడక గుండెకు మంచిది. కండకూ ఎముకకూ అదొక్కటే చాలదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, గోడకు చేతులానించి తోయడం, వీలైతే బరువులెత్తడం చేయాలి. జిమ్‌కి వెళ్లే 50 ఏళ్లావిడను చూసి నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. సాయంత్రం రోడ్డు పక్కన వేడివేడిగా చేసిచ్చే జొన్నరొట్టె తెచ్చుకుంటే మంచిదే, పక్కన పప్పో గుడ్డో ఉండాలి. అందరూ తిన్నాక మిగిలిన చారన్నంతో కండ పట్టదు.

రెండోది ఆడవాళ్లు డాక్టర్‌కు కూడా చెప్పుకోనిది. యోని పొడిబారడం, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో మంట, తుమ్మితే మూత్రం పడటం. ఆవిర్లు పోయినా ఇవి పోవు, వయసుతో పెరుగుతాయి. అక్కడే రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీముతో పొడిబారడం, నొప్పి, మంట బాగా తగ్గుతాయి. దానిలోంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. దగ్గినా తుమ్మినా మూత్రం పడేవాళ్లకు కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం పనిచేస్తుంది. ఏళ్లపాటు యాంటీబయాటిక్స్ మింగుతూ ఈ సంగతి తెలియనివాళ్లు ఉన్నారు.

తగ్గిపోయిన ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇచ్చే హార్మోన్ చికిత్స అంటే క్యాన్సర్ అనే భయం 2002 నుంచి ఉంది. ఆ ఏడాది అమెరికాలో 16,608 మందితో చేస్తున్న పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ కలిపి వాడినవాళ్లలో ఏటా పదివేల మందికి 8 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. వార్తల్లో రాని ముక్క ఏమిటంటే, ఆ పరీక్షలో ఆడవాళ్ల సగటు వయసు 63. ఇప్పటి మాట ఇదీ: 60 లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్లలోపు, ఆవిర్లతో బాగా ఇబ్బంది పడుతున్నవాళ్లకు చాలామంది విషయంలో ముప్పు కన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు. సహజ మార్గం ఎంచుకోవడం మీ ఇష్టం, కానీ భయంతో కాకుండా తెలిసి ఎంచుకోండి.

ఇక మన రెండు రాష్ట్రాలకే ప్రత్యేకమైన ముడి ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో 8 శాతం. దేశంలోనే ముందు వరస మనదే. నలభైల్లో నెలసరి అస్తవ్యస్తంగా, ఎక్కువగా అవ్వడం చాలాసార్లు మెనోపాజ్ ముందు దశే. దాన్ని మాత్రలతో, హార్మోన్ ఉన్న లూప్‌తో ఆ రెండు మూడేళ్లు దాటించొచ్చు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు, ఉంచితే క్యాన్సర్" అనే మాటతో చాలామంది టేబుల్ ఎక్కారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ అయిపోయినవాళ్లు తెలుసుకోవాల్సింది ఒక్కటే: అండాశయాలు ఉంచారా, తీశారా? ఉంచితే నెలసరి ఆగినా మెనోపాజ్ వచ్చినట్టు కాదు. హార్మోన్లు పనిచేస్తూనే ఉంటాయి, అసలు మెనోపాజ్ కొంచెం ముందుగా, ఏ గుర్తూ లేకుండా వస్తుంది. ఆవిర్లు, నిద్రలేమి మొదలైతే దాన్నే గుర్తు అనుకోవాలి. రెండు అండాశయాలూ తీసేస్తే 38 ఏళ్లకైనా సరే రాత్రికి రాత్రి మెనోపాజే. అది సహజం కాదు, దానికి సహజ చిట్కాలు చాలవు. 45 లోపు అలా జరిగితే, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, కనీసం 50 దాకా హార్మోన్ ఇవ్వడం మంచిదంటారు, ఎముకలూ గుండే దెబ్బతినకుండా. ఆ సలహా ఇచ్చేవాళ్లు లేక నలభై ఐదుకే నడుము వంగినవాళ్లు మన చుట్టూ ఉన్నారు.

మెనోపాజ్ నెత్తిన వేయకూడనివి కూడా చెప్పుకోవాలి. బరువు పెరగడం, నీరసం, దిగులు థైరాయిడ్ వల్ల కావచ్చు. ఆయాసం, గుండెదడ రక్తహీనత వల్ల కావచ్చు. ఏడాది ఆగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా "మళ్లీ వచ్చింది" అని ఊరుకోకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి. అన్నిసార్లూ ప్రమాదం కాదు, కానీ గర్భాశయ క్యాన్సర్ మొదట కనిపించేది ఇలాగే, ఆ దశలో పట్టుకుంటే నయమవుతుంది.

చూపించుకోవడానికి కార్పొరేట్ ఆసుపత్రే కానక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారాన్ని ఆడవాళ్లకు ప్రత్యేకంగా కేటాయించింది, చూసే ఎనిమిది రకాల సమస్యల్లో మెనోపాజ్‌నూ చేర్చింది. ఇప్పుడెలా నడుస్తోందో దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద చివరి నెలసరి తేదీ, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో, వేసుకునే మాత్రలన్నీ, చూర్ణాలతో సహా, రాసుకుని వెళ్లండి. ఆపరేషన్ అయినవాళ్లు బీరువాలో చీరల కింద దాచిన డిశ్చార్జ్ సమ్మరీ వెతికి తీసుకెళ్లండి. అండాశయాల సంగతి అందులోనే రాసి ఉంటుంది.